అప్‌డేట్: విల్లుతో అడవి పందిని కొడితే కేసు ఉండదా అని అడిగాను కదా

మొక్కజొన్న చేలో పందులు పడుతున్నాయి, తుపాకీ కాదు కాబట్టి విల్లు, బల్లెం అయితే పర్లేదని మా బాబాయి అంటున్నాడని రాశాను కదా, పర్లేదు అన్నది తప్పంట. మొన్న లాయర్ దగ్గర కూర్చుని 1972 వన్యప్రాణి చట్టం చూశాం, ఆయుధం అంటే ఏంటో రాసిన చోటే తుపాకీతో పాటు విల్లు బాణాలు, కత్తులు, వలలు, ఉచ్చులు, విషం అన్నీ ఉన్నాయ్, పైగా పంది చావకపోయినా ప్రయత్నం చేస్తే చాలు వేట కిందే లెక్క. శిక్ష మూడేళ్ల దాకా జైలు లేదా లక్ష దాకా ఫైన్, రెండూ కూడా పడొచ్చు.

బాబాయి చెప్పేది మరీ గాల్లోంచి పుట్టలేదులెండి, మొదట్లో ఇదే చట్టంలో బిగ్ గేమ్ లైసెన్స్ అని, అంటే పెద్ద జంతువుల్ని వేటాడటానికి ఇచ్చే లైసెన్స్, ఉండేది, 1991 సవరణలో తీసేశారు. ఆదివాసీలకి ఉంటుందేమో అనుకున్నా, 2006 అటవీ హక్కుల చట్టం కూడా వేట హక్కు ఇవ్వలేదు.

దారి ఒకటే, పంట నష్టం చూపించి ఫారెస్ట్ వాళ్ల దగ్గర రాతపూర్వక పర్మిషన్ తెచ్చుకోవాలి. అప్లికేషన్ పెట్టాం. బాబాయి మాత్రం ఇంకా అలిగే ఉన్నాడు.