‘చూడఁ జూడ’లో ఉన్నది చూపా, రుచా?

అనంతపురం: వేమన మీద పది నిమిషాల డాక్యుమెంటరీకి వ్యాఖ్యానం రాయాల. ఉప్పు కప్పురం పద్యం మొదట్లోనే వస్తుంది. రెండో పాదం ‘చూడ చూడ’ అని బడిలో చదివినదే నోటికి వస్తోంది గానీ, ఏదో పాత వ్యాఖ్యానంలో ‘చూడ జూడ’ అని విన్నట్టు చెవిలో మిగిలింది. చదివే గొంతుకు ఏది రాసియ్యాల?

ప్రొద్దుటూరు: చూడఁ జూడ. ‘చూడన్’ ద్రుతాంతం, అంటే న్‌తో ముగిసే మాట, తర్వాతి చ సరళమై జ అవుతుంది. అయితే అరసున్న పక్కన ‘పలకొద్దు’ అని రాసియ్యండి. సున్న కనిపిస్తే కొందరు ‘చూడం జూడ’ అని నిండుగా చదువుతారు. అప్పుడు డ గురువై గణం చెడుతుంది. ఆటవెలది రెండో పాదంలో ఐదూ మూడు మాత్రల సూర్యగణాలే గదా.

ఆదోని: మరి యతి? పాదం మొదటి ‘చూ’కు నాలుగో గణం మొదటి ‘జా’ కలవాల. చ, జ కలిసినా ఊ, ఆ కలవవు.

ప్రొద్దుటూరు: అది ప్రాసయతి సామీ, మొదటి అక్షరం బదులు రెండో అక్షరం కలిసేది. చూడ, జాడ. రెండుచోట్లా దీర్ఘం తర్వాత డ. ‘జాడ’ను అందుకే ఎవరూ కదిలించలేరు.

కడప: అక్షరం తేల్చినారు, అర్థం వదిలేసినారు. పులుసులో ఉప్పు చూడు అంటే కంటితో చూడమనా? నాలుకతో చూడమని. మొదటి పాదంలో పోలిక కంటిది, రెండో పాదంలో చూడటం నోటిది. ‘రుచుల’ అని వెంటనే అన్నది అందుకే.

తాడిపత్రి: ఒప్పుకోనన్నా. చూడఁ జూడ అంటే నిదానించి మళ్లీ మళ్లీ చూడగా. నాలుకకే కట్టేస్తే మూడో పాదంలో పురుషులకు ఎట్ల అతుకుతుంది?

కడప: కష్టం చూసినోడు, సుఖం చూసినోడు అంటాం. అక్కడ చూడటమంటే అనుభవించడమే. మనుషులకూ అదే అతుకుతుంది.

కర్నూలు: ఏ పద్ధతిలో తీస్తారో తెలియకుండా ఇది తేలదు. గొంతే కథ నడిపేదైతే, 1948 నుంచి కేంద్ర ప్రభుత్వ ఫిలిమ్స్ డివిజన్ మనకు అలవాటు చేసిన తీరు అదే, మాట ఎక్కడుంటే బొమ్మ అక్కడుండాల. పద్యం మొత్తం 67 మాత్రలు: 19, 15, 18, 15. సెకనుకు నాలుగు మాత్రలు చదివితే 17 సెకన్లకు కొంచెం తక్కువ. ‘చూడఁ జూడ’ ఆరు మాత్రలు, అంటే సెకనున్నర. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన 37, 38 ఫ్రేములు. ఆ కాస్తలో ఉప్పొక షాటు, కప్పురమొక షాటు పెడితే కంటికి ఏదీ అందదు. రెండూ ఒకే షాటులో పక్కపక్కన పెట్టి, ‘వేరు’ అన్నాకే కోయండి.

తాడిపత్రి: లైటు కూడా పాదాన్ని బట్టే. ముందు నుంచి మెత్తటి లైటు పడితే రెండూ ఒకే తెలుపు. దాన్ని పక్కకు, తొంభై డిగ్రీల దాకా జరిపితే కల్లుప్పు అంచులు మెరుస్తాయి, కప్పురం మైనం మాదిరి మసకగా ఉంటుంది. రెండో పాదం మొదలైనప్పుడు జరపండి. కింద నల్లగుడ్డ పరిచి ఎక్స్‌పోజర్ ఆటోలో వదిలితే, కెమెరా నలుపును చూసి వెలుతురు పెంచుతుంది. తెలుపు కాలిపోయి అంచులు మాయమవుతాయి. చేత్తో తగ్గించి తెలుపుకే కట్టండి. కప్పురం వేడికి ఆవిరై తరుగుతుంది, ప్రతి టేకుకూ కొత్త ముక్క పెట్టకపోతే షాట్లు అతకవు.

కడప: ఇదంతా కంటి అర్థానికి. నా అర్థానికి మనిషి మొహం కావాల.

తాడిపత్రి: అట్లయితే పచ్చకప్పురమే వాడండి. హారతి కప్పురం నోట్లో పెట్టించకూడదు, అది విషం.

కర్నూలు: పెట్టించి తీస్తే అది నటన. మొహం కావాలంటే సినిమా వెరితే పద్ధతిలో వంటింట్లో కెమెరా పెట్టుకొని, ఉప్పు చూసే క్షణం కోసం కాచుకోవాల.

ఆదోని: కాచుకొని చూసేది వెరితే కాదు, అది పరిశీలక పద్ధతి. గొంతుండదు, ప్రశ్నుండదు. భుజాన మోసే 16 మి.మీ. కెమెరా, దాంతో కలిసి నడిచే టేపు రికార్డరు 1960 ప్రాంతంలో కుదిరినాకే అది వీలైంది. వెరితేలో తీసేవాడే మధ్యలో దిగి అడుగుతాడు. ఫ్రెంచి దర్శకుడు జాఁ రూష్ చేసింది అదే. ఆ పేరు కూడా సోవియట్ దర్శకుడు జిగా వెర్తోవ్ 1922లో పెట్టిన ‘కినో ప్రావ్దా’కు, అంటే ‘సినిమా సత్యం’కు, ఫ్రెంచి అనువాదం.

కర్నూలు: పేరు అక్కడిదే, పని మాత్రం వేరు. వెర్తోవ్ బలం ఎడిటింగులో ఉంది, ప్రశ్నలో కాదు.

ఆదోని: నేననేది అడిగే పద్ధతే ఈ పద్యానికి తగిందని. వేమన సమాధి ఉన్న కాటారుపల్లెలో నలుగురిని కూర్చోబెట్టి ‘చూడ’ అంటే ఏమని అడగండి. కాలర్ మైకు గడ్డం కింద జానెడు దూరంలో పెట్టి, గాలికి బొచ్చుతొడుగు వెయ్యండి. మాటలు అయిపోయినాక అదే చోట 30 సెకన్లు అందరినీ మౌనంగా ఉంచి ఉత్త శబ్దం రికార్డు చెయ్యండి. అది లేకుంటే కోసిన ప్రతిచోటా గాలి తెగినట్టు వినిపిస్తుంది.

ప్రొద్దుటూరు: ఆ నలుగురూ పద్యాన్ని నాలుగు తీర్లుగా చదువుతారు. బ్రౌన్ ప్రతులు పోగేసి 1829లో అచ్చువేయించినాక కూడా వేమన నోళ్లలోనే బతికినాడు. 1928లో వేమన మీద రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వారి ఉపన్యాసాలు విన్నది మీ అనంతపురమే గదా. పుస్తకం పాఠం చెప్పి వాళ్లను దిద్దొద్దు. ఎట్ల చదివితే అట్లే ఉంచండి.

అనంతపురం: అడిగే పద్ధతి బాగుంది, రెండు అర్థాలూ వాళ్ల నోటే వస్తాయి. కానీ మొదట్లో గొంతు చదవాల్సిందే. చూ రాయాలా, జూ రాయాలా?

ప్రొద్దుటూరు: జూ.

కడప: ఇంట్లో చదివే తీరు కావాలంటే చూ.

తాడిపత్రి: ‘జాడ’ అర్థం కూడా ఎవరూ చెప్పలేదు. అడుగుజాడలో జాడా, తీరు అనే జాడా? లైటు జరిపేది దాన్ని బట్టే ఉంటుంది.