ఓపెన్ సోర్స్ మీద పచ్చళ్ళ వ్యాపారం నడపొచ్చా?

గోదావరి_జాడీ:

అందరికీ నమస్కారం అండి. మాది నరసాపురం దగ్గర పల్లె. మా అత్తగారి కాలం నుంచి ఆవకాయ, మాగాయ, గోంగూర పట్టి అమ్ముతున్నాం. పెత్తనం నా చేతికి వచ్చాక ఆన్‌లైన్‌లో పెట్టాను. ఇప్పుడు ఊళ్ళో అమ్మకం కన్నా హైదరాబాద్, బెంగళూరు ఆర్డర్లే ఎక్కువ. ఎనిమిది మంది ఆడవాళ్ళకి ఏడాది పొడుగునా పని ఉంటుంది, మామిడికాయ రోజుల్లో ఇంకొంతమంది వస్తారు.

వెబ్‌సైట్ ఒక కంపెనీ దగ్గర నెలవారీ అద్దెకి తీసుకున్నది. ఆర్డర్లు పెరుగుతున్నకొద్దీ పై ప్లాన్‌కి మారమంటున్నారు, దానికి తోడు ప్రతి ఆర్డరు మీదా కొంత పట్టుకుంటున్నారు. అది సరే అనుకున్నా, మా ఖాతాదారుల వివరాలు ఇవ్వమని అడిగితే పేరూ ఫోన్ నంబరూ మాత్రమే ఎక్సెల్‌లో వచ్చాయి. ఎవరు ఏ నెలలో ఏం కొన్నారో రాలేదు. అది నాకు చాలా బాధగా ఉంది. అదంతా మా కష్టం కదండి.

సరుకు లెక్క నోటు పుస్తకంలో, బిల్లులు ట్యాలీలో, ఆర్డర్లు వెబ్‌సైట్‌లో. ఈ మూడూ ఏ నెలా కలవవు. మా మరిది కొడుకు కాకినాడలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. "వర్డ్‌ప్రెస్, వూకామర్స్, ఈఆర్‌పీనెక్స్ట్ వాడు పెద్దమ్మా, అవన్నీ ఓపెన్ సోర్స్, లైసెన్స్ డబ్బులుండవు" అంటున్నాడు. మొదటిది వెబ్‌సైట్ కట్టుకోడానికి, రెండోది దాని మీద దుకాణం నడపడానికి, మూడోది సరుకూ లెక్కలూ రాసుకోడానికట. ఊరికే ఇచ్చేవాళ్ళు రేపు మూసేసి పోతే మా గతేంటి? ఓపెన్ అంటే మా లెక్కలు పక్క వ్యాపారి కూడా చూస్తాడా? ఆవకాయ సీజన్‌లో రాత్రి పది గంటలకి సైట్ ఆగిపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఆటోనగర్_స్పేర్స్:

అమ్మా, ట్యాలీని మాత్రం కదపకండి. ఆడిటర్ గారికి, మీ దగ్గర బిల్లులు కొట్టే అమ్మాయికి చెయ్యి తిరిగిన సాఫ్ట్‌వేర్ అది. వెబ్‌సైట్ మార్చుకోండి, తప్పు లేదు. రెండూ ఒకేసారి పెట్టుకుంటే పని ఆగిపోతుంది. నేను విజయవాడలో లారీ స్పేర్ పార్టుల వ్యాపారం చేస్తాను, అనుభవంతో చెప్తున్నా.

ఓరుగల్లు_సర్వర్:

అక్కా, ముందుగాల మీ రెండో అనుమానం తీరుస్త. ఓపెన్ అంటే ఆ ప్రోగ్రాం ఎట్ల రాసిండ్రో ఎవరైనా చదవచ్చు, మార్చుకోవచ్చు అని. మీ అమ్మకాలు, మీ బాకీలు మీ సర్వర్‌ల, అంటే మీరు కిరాయికి తీసుకున్న కంప్యూటర్ల, ఉంటయి, తాళం మీ పాస్‌వర్డే. పక్క వ్యాపారికి కనబడవు.

నేను వరంగల్‌ల రైస్ మిల్లులకు, బట్టల దుకాణాలకు ఇవే పెట్టిస్త. ఇది నా బతుకుదెరువు, అందుకే ఉన్నదున్నట్టు చెప్త.

"మూసేస్తే ఎట్ల" అన్నరు కదా. మీ పిల్లగాడు చెప్పిన వర్డ్‌ప్రెస్ పుట్టిందే అట్ల. బీ2 అని ఒక బ్లాగు సాఫ్ట్‌వేర్ ఉండేది, దాన్ని రాసినాయన పని ఆపేసిండు. ఆ ప్రోగ్రాం రాత, అంటే కోడ్, జీపీఎల్ అనే లైసెన్స్ కింద (ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని) ఉండె గనుక 2003ల మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ అనే ఇద్దరు దాన్ని అందుకొని ముందుకు నడిపిండ్రు. వూకామర్స్‌ది గూడ అదే కథ. 2011ల జిగోషాప్ అనే సాఫ్ట్‌వేర్ కోడ్ తీసుకొని వూథీమ్స్ అనే చిన్న కంపెనీ తయారుచేసింది, 2015ల ఆ కంపెనీని ములెన్‌వెగ్ పెట్టిన ఆటోమాటిక్ అనే కంపెనీ కొన్నది. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ (వివరాలు దాచిపెట్టే సాఫ్ట్‌వేర్) ఒరాకిల్ కంపెనీ చేతికి పోతున్నదని తెలిసినప్పుడు దాన్ని మొదలువెట్టినాయనే అదే కోడ్‌తోని మరియాడీబీ షురూ చేసిండు. జీపీఎల్ కింద ఒకసారి ఇచ్చిన కోడ్‌ను వాపస్ తీసుకునుడు ఉండదు. కంపెనీ పోయినా కోడ్ ఉంటది, దాన్ని ఎవరో ఒకరు నడుపుతరు. అద్దె సైట్ కంపెనీ పోతే మీకు మిగిలేది ఏంది?

అయితే ఓపెన్ అని పేరున్నయన్నీ ఒక్క తీరు కాదు. ఓడూ అని వ్యాపార లెక్కలకు ఒక బెల్జియం సాఫ్ట్‌వేర్ ఉన్నది, మంచిదే. కానీ 2015ల తొమ్మిదో వెర్షన్ నుంచి పూర్తి అకౌంటింగ్‌ను డబ్బులు కట్టే ఎంటర్‌ప్రైజ్ దిక్కు పెట్టిండ్రు. దాని మీద ఆధారపడ్డోళ్ళంత కలిసి ఓసీఏ అనే సంఘం తరఫున ఉచిత మాడ్యూళ్ళు (సాఫ్ట్‌వేర్‌కు తగిలించే భాగాలు) రాసుకుంటున్నరు. అందుకే లైసెన్స్ ఏందో, మనకు అసలు కావల్సిన భాగం దేంట్ల ఉన్నదో అడిగినంకనే చెయ్యి పెట్టాలె.

ఇగ ఈఆర్‌పీనెక్స్ట్. ముంబైల రుషభ్ మెహతా తమ ఇంటి ఫర్నిచర్ వ్యాపారం కోసం పడ్డ తిప్పల నుంచి పుట్టింది. చిన్న ఫ్యాక్టరీ లెక్క తెలిసినోళ్ళు రాసిండ్రని వాడుతుంటే తెలుస్తది. మీకు దీంట్ల అన్నిటికన్నా పనికొచ్చేది బ్యాచ్. ఇది జర ఓపికతోని చదువున్రి.

ఆవకాయ ఒక గిన్నె కలిపిండ్రు అనుకోండి. దానికొక బ్యాచ్ నంబరు ఇస్తరు. ఏ కారం బస్తా, ఏ ఆవపిండి, ఏ నువ్వుల నూనె డబ్బా ఎంత వాడిండ్రో వర్క్ ఆర్డర్ (ఆ గిన్నె తయారీకి రాసుకునే పని చీటీ) కింద ఎక్కుతది. తయారైన తేదీ, ఎప్పటిదాక వాడొచ్చో గూడ దానికే అంటుకొని ఉంటది. ఆ గిన్నె నుంచి నింపిన సీసాలు ఎవరెవరికి పోయినయో బిల్లుల ఉంటది. రేపు బెంగళూరు నుంచి ఒకామె "సీసాల బూజు పట్టింది" అని ఫోన్ చేస్తే, సీసా మీది నంబరు కొడితే చాలు. ఆ గిన్నెల ఏ నూనె పడ్డది, అదే నూనె ఇంక ఏ గిన్నెలకు పోయింది, ఆ సీసాలు ఏ ఊర్లకు పోయినయి, అన్నీ బయటపడతయి. అందరికీ భయపడి సరుకంతా పారబొయ్యకుండా, అవసరమైన ఇండ్లకే ఫోన్ చేసి వాపస్ తెప్పియ్యచ్చు. ఫుడ్ సేఫ్టీ చట్టం ప్రకారం లేబుల్ మీద బ్యాచ్ నంబరు, తేదీ ఎట్లాగూ వెయ్యాలె కదా. ఆ నంబరు వెనక నిజమైన లెక్క ఉండాలంటున్న. నోటు పుస్తకంతోని ఇది చేసుడు నేనింతవరకు చూడలే.

ఖర్చు గురించి గూడ చెప్త. లైసెన్స్ లేదంటే ఖర్చు లేదని కాదు. సర్వర్ కిరాయి ఉంటది, డొమైన్‌కు (సైట్ పేరుకు) ఏడాదికోసారి కట్టాలె, పెట్టిచ్చినోనికి ఇయ్యాలె. ఆన్‌లైన్‌ల పైసలు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వే కమిషన్ ఎటు పోయినా తప్పదు. ఫరక్ ఏందంటే, ఆర్డర్లు పెరిగినకొద్దీ సాఫ్ట్‌వేరోళ్ళ వాటా పెరగది, మీరు కట్టే పైసల్ల ఎక్కువ భాగం కాకినాడలనో భీమవరంలనో ఉన్న పనిమంతునికి పోతది. ఆయన పని నచ్చకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటరు, సాఫ్ట్‌వేర్ మాత్రం మారది. నాకు దీంట్ల అన్నిటికన్నా నచ్చేది ఇదే. నా దగ్గరికొచ్చిన మిల్లోళ్ళకు మొదటి రోజే చెప్త, నన్ను తీసేసినా మీ పని ఆగొద్దు అని.

రాత్రి పదింటికి ఎవరికి ఫోన్ చెయ్యాలె అన్నరు. అది ముందుగాలనే కాయితం మీద రాసుకోవాలె. డొమైన్ మీ పేరు మీద, మీ మెయిల్‌తోని కొనాలె. సర్వర్ ఖాతా, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉండాలె. రోజూ బ్యాకప్ (మీ లెక్కలన్నిటి నకలు) ఇంకో చోటికి పోవాలె, మూడు నెలలకోసారి ఆ బ్యాకప్‌ను ఎక్కించి మీ ముందర చూపియ్యాలె. బ్యాకప్ తీసినమని చెప్పెటోళ్ళు శానమంది ఉంటరు, ఎక్కించి చూసినోళ్ళు తక్కువ. మీ పిల్లగాడు తెలివిగలోడే కావచ్చు, కానీ ఆయనకు పరీక్షలుంటయి, రేపు ఉద్యోగం వస్తది. ఆయన నేర్చుకోనీ, బాధ్యత మాత్రం పైసలు తీసుకునెటోని మీద పెట్టున్రి.

గచ్చిబౌలి_స్టార్టప్:

పై సమాధానానికి నా వైపు నుంచి కొంచెం. మాది హైదరాబాద్‌లో చిన్న కంపెనీ, గోదాముల్లో సరుకు కదలికల మీద పని చేస్తాం. లైనక్స్ అనే ఓపెన్ ఆపరేటింగ్ సిస్టం (కంప్యూటర్‌ని నడిపే మూల సాఫ్ట్‌వేర్), పోస్ట్‌గ్రెస్ అనే ఓపెన్ డేటాబేస్ లేకపోతే మేం మొదలుపెట్టేవాళ్ళమే కాదు. డేటాబేస్ లైసెన్స్‌కి పెట్టాల్సిన డబ్బు మాకు ఒక ఉద్యోగి జీతమయింది. మొదటి ఏడాదిలో అది చాలా పెద్ద విషయం.

వాట్సాప్ సంగతి చూడండి. టెలిఫోన్ ఎక్స్‌చేంజీల కోసం ఎరిక్సన్ కంపెనీ తయారుచేసుకున్న ఎర్లాంగ్ అనే ప్రోగ్రామింగ్ భాషని 1998లో ఓపెన్ చేశారు. వాట్సాప్ వాళ్ళు ఆ భాషనీ, ఫ్రీబీఎస్‌డీ అనే ఓపెన్ ఆపరేటింగ్ సిస్టంనీ తీసుకుని, 2012 నాటికి ఒక్క సర్వర్ మీద ఇరవై లక్షల కనెక్షన్లు నిలబెట్టారు. 2014లో ఫేస్‌బుక్ కొంటున్నట్టు ప్రకటించేనాటికి ఉద్యోగులు అరవై మంది కూడా లేరు. అదే ఏడాది వాళ్ళ వ్యవస్థాపకుడు యాన్ కూమ్ ఫ్రీబీఎస్‌డీ ఫౌండేషన్‌కి పది లక్షల డాలర్లు ఇచ్చాడు. మన దేశంలో షేర్ల లావాదేవీల కంపెనీ జెరోధా 2024లో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల కోసం ఏడాదికి పది లక్షల డాలర్ల నిధి ప్రకటించింది.

నాకు ఇందులో గట్టిగా అనిపించేది ఒకటుంది. వాడుకుని ఎదిగినవాళ్ళు తిరిగి ఇవ్వాలి. డబ్బే ఇవ్వక్కర్లేదు. ఈఆర్‌పీనెక్స్ట్‌లో తెలుగు అనువాదం చెయ్యాల్సిన మాటలు కనిపిస్తే మీ అబ్బాయి చేసి పంపవచ్చు. మీ దగ్గర పనిచేసే ఆడవాళ్ళు స్క్రీన్ మీద తెలుగు చదువుకుంటారు, తర్వాత వచ్చే ఇంకో చిన్న వ్యాపారానికీ పనికొస్తుంది.

భీమవరం_ఆడిటర్:

పన్నుల మాట నేను చెప్తాను. జీఎస్టీకి ఫలానా సాఫ్ట్‌వేరే వాడాలని ఎక్కడా లేదు. ఈఆర్‌పీనెక్స్ట్‌కి ఇండియా కంప్లయన్స్ అనే ఓపెన్ సోర్స్ యాప్ ఉంది, ఈ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు), ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి కావాల్సిన పత్రం) అందులోంచే వెళ్తాయి. ఈ-ఇన్వాయిస్ నిబంధన 2023 ఆగస్టు 1 నుంచి ఐదు కోట్ల టర్నోవర్ దాటినవాళ్ళకి వర్తిస్తోంది, అదీ వ్యాపారులకి వేసే బిల్లుల విషయంలో. ఇళ్ళకి అమ్మే సీసాలకి ఆ గొడవ లేదు.

మీది సొంత వ్యాపారమా, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీయా? కంపెనీ అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి లెక్కల్లో ఏ మార్పు ఎవరు ఎప్పుడు చేశారో సాఫ్ట్‌వేర్ దానంతటదే నమోదు చెయ్యాలి, ఆ నమోదుని ఆపేసే వీలు ఉండకూడదు. సొంత వ్యాపారానికి ఆ నియమం లేకపోయినా అలవాటు చేసుకోవడం మంచిది. ఈఆర్‌పీనెక్స్ట్‌లో ఒకసారి సబ్మిట్ చేసిన బిల్లుని చెరపలేరు, రద్దు చేసి సవరించిన బిల్లు వేసుకోవాలి. మొదట్లో చిరాకు పుడుతుంది కానీ నోటీసు వచ్చిన రోజున అదే మిమ్మల్ని కాపాడుతుంది.

2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు మా దగ్గరికి వచ్చే కొందరు వ్యాపారులు బిల్లింగ్ కంపెనీ అప్‌డేట్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. రేటుని మీరే మార్చుకోగలిగిన సాఫ్ట్‌వేర్ అయితే ఆ ఎదురుచూపు ఉండదు.

గోదావరి_జాడీ:

అందరికీ ధన్యవాదాలండి. మాది సొంత వ్యాపారమే. డొమైన్ ఎవరి పేరు మీద ఉందో ఇవాళే కనుక్కుంటాను. ఇంకో సందేహం. ఆడిటర్ గారు, లెక్కలు ఏప్రిల్ 1 నుంచి మొదలుపెడితే తేలిక అని మా వాడంటున్నాడు. కానీ ఏప్రిల్, మే నెలల్లో మేం ఊపిరి పీల్చుకోం. అలాగే వేసవిలో ఉప్పులో ఊరేసిన ముక్కలు డ్రమ్ముల్లో పెట్టుకుని ఏడాదంతా వాడతాం. వాటిని సరుకుగా ఎలా రాసుకోవాలి?

భీమవరం_ఆడిటర్:

లెక్కలు ట్యాలీలోనే ఉంచండి అమ్మా, తొందరేమీ లేదు. మార్చాలనిపిస్తే వచ్చే ఆర్థిక సంవత్సరం మొదటి రోజున నిల్వలు తెచ్చి ఎక్కిద్దాం. ఆ రోజుకి ఎక్కించేది లెక్క మాత్రమే, మీ వాళ్ళకి కొత్త పని నేర్పడం కాదు.

ఓరుగల్లు_సర్వర్:

ఆడిటర్ సార్ చెప్పింది కరెక్టు. సైట్, సరుకు లెక్క మాత్రం సీజన్ అయిపోయినంక ఆషాఢంల మొదలువెట్టున్రి. ముందుగాల గోంగూర ఒక్కదానికే బ్యాచ్‌లు రాయున్రి, అది ఏడాదంతా ఉంటది గనుక చెయ్యి అలవాటయితది. నోటు పుస్తకం కొన్నాళ్ళు పక్కన నడవనీ.

డ్రమ్ముల ముక్కను "ఊరిన ముక్క" అని వేరే సరుకుగ పెట్టాలె, డ్రమ్ముకొక బ్యాచ్ నంబరు. ఊరినంక బరువు తగ్గుతది కదా, అందుకే కాయ కొన్నప్పటి కిలోలు కాదు, డ్రమ్ముల నింపేటప్పుడు తూచిన కిలోలు రాయున్రి. కాయ ధర, ఉప్పు, కోత కూలి కలిపి ఆ కిలోల మీద పంచితే కిలోకు ఎంత పడ్డదో తెలుస్తది. డ్రమ్ము మీద నంబరు రంగుతోని రాపియ్యున్రి, కాయితం అంటిస్తే ఉప్పు నీళ్ళకు ఊడిపోతది.