అరిగిన నల్ల బెల్టుతో గ్రేడింగ్‌కి వెళ్ళొచ్చా?

కరాటేలో నాది షోడాన్ బెల్టు, అంటే నల్ల బెల్టులో మొదటి స్థాయి (మొదటి డాన్). పైన శాటిన్ తొడుగు, లోపల తెల్ల నూలు పట్టీ. ముడి పడే చోట శాటిన్ పీచుపీచుగా లేచి లోపలి తెలుపు కనిపిస్తోంది. నల్ల దారంతో కుట్టించాను, ముడి బిగించగానే కుట్టు పక్కనే మళ్ళీ చీలింది. ఫాబ్రిక్ గమ్ రాస్తే అక్కడ అట్టలా బిగుసుకుపోయి ముడి జారిపోతోంది.

వచ్చే నెల నిడాన్ (రెండో డాన్) గ్రేడింగ్, అంటే స్థాయి పరీక్ష. మా సెన్సెయ్ (గురువు) బెల్టు మార్చొద్దంటున్నారు, కానీ ఎగ్జామినర్లు బయటివాళ్ళు. అదే టెన్షన్. తెల్ల బెల్టు మాసి మాసి నల్లబడిందనే కథ నేను నమ్మను. 1880లలో జూడో స్థాపకుడు కానో జిగొరో నల్ల నడికట్టు తెచ్చింది హోదాకి గుర్తుగానే. కొత్త బెల్టుని గరుకు కాగితంతో రుద్ది పాతగా చేసేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. ఇది మాత్రం సాధనలో అరిగింది, వదలబుద్ధి కావట్లేదు.

డాన్ గ్రేడింగ్ ప్యానెల్‌లో కూర్చున్నవాళ్ళు చెప్పండి: ఇలా తెలుపు కనిపించే బెల్టుతో వస్తే అభ్యంతరం పెడతారా?