ఎక్స్‌రే తనిఖీ సిమ్యులేషన్: 64 జీబీ ర్యామ్ కూడా చాలడం లేదు, ఏం చేయాలి?

వెల్డ్‌చూపు:
అందరికీ నమస్కారం. స్టీల్ కాస్టింగ్‌కి 225 కేవీ ట్యూబ్‌తో తీసే రేడియోగ్రాఫ్‌ని సిమ్యులేట్ చేసే కోడ్ ఒకటి సొంతంగా రాసుకున్నాను. కాస్టింగ్ 300 × 200 × 200 మిమీ, కిరణం దాటాల్సిన లోహం చోటును బట్టి 10 నుంచి 40 మిమీ. డిటెక్టర్ 2048 × 2048, పిక్సెల్ 0.2 మిమీ. 1 మిమీ బ్లోహోల్‌ని (కాస్టింగ్ లోపల మిగిలిపోయే గాలి బుడగ) ఇమేజ్‌కి ఒకటి చొప్పున 300 చోట్ల పెట్టి ఎక్కడ కనిపిస్తుందో, ఎక్కడ కనిపించదో తేల్చాలి. ఇప్పుడైతే క్యాడ్ మోడల్‌ని 0.1 మిమీ వోక్సెల్స్‌గా (చిన్న ఘనాలుగా) మార్చి, ప్రతి పిక్సెల్‌కీ ఒక కిరణం పంపి, ఎక్స్‌రే ఎనర్జీని 1 కేఈవీ చొప్పున విడగొట్టి 225 ఇమేజ్‌లు మెమరీలో పెట్టుకుని చివర్లో కలుపుతున్నాను. స్కాటర్‌కి (లోహంలో చెదిరి దారి మారిన కిరణాలకి) మోంటేకార్లో, అంటే ఒక్కో ఫోటాన్‌ని యాదృచ్ఛికంగా నడిపి లెక్కేసే పద్ధతి. ఒక్క ఇమేజ్‌కి 40 నిమిషాలు, అంటే మొత్తం 200 గంటలు. నిన్న రాత్రి రన్ పెట్టి పడుకుంటే పొద్దున లేచేసరికి పదో ఇమేజ్ దగ్గర ర్యామ్ నిండి ఆగిపోయి ఉంది. ర్యామ్ ఇంకా కొనాల్సిందేనా?

కిరణమార్గం:
కొనకండి. మీ వోక్సెల్స్ లెక్క చూడండి: 3000 × 2000 × 2000, అంటే 1200 కోట్లు. ఒక్కోదానికి 4 బైట్లు వేసుకున్నా 48 జీబీ, అందులో దాచిందల్లా "ఇక్కడ స్టీల్ ఉంది, ఇక్కడ లేదు" అన్న ఒక్క ముక్కే. ఉన్నది ఒకటే లోహం కాబట్టి వోక్సెల్స్ మానేసి నేరుగా త్రిభుజాల మెష్‌తోనే (ఉపరితలాన్ని త్రిభుజాలతో అల్లిన వల) పని చేయండి. మెష్‌ని దాచే బైనరీ ఎస్‌టీఎల్ ఫైల్‌లో ఒక త్రిభుజానికి 50 బైట్లు, 20 లక్షల త్రిభుజాలైనా 100 ఎంబీ. కిరణం బయటికొచ్చే దూరాలన్నీ కలిపి, లోపలికెళ్లే దూరాలన్నీ తీసేస్తే లోహంలో ప్రయాణించిన పొడవు వచ్చేస్తుంది, ఖండనలను వరసలో పెట్టే పని కూడా లేదు. జీపీయూ మీద ఇది చాలా వేగంగా నడుస్తుంది, జీవీఎక్స్ఆర్ అనే ఓపెన్‌సోర్స్ లైబ్రరీ చేసేది ఇదే. మెష్‌లో మాత్రం చిల్లులు ఉండకూడదు, ఒక్క త్రిభుజం తిరగబడి ఉన్నా ఇమేజ్‌లో చార పడుతుంది.

అసలు సంగతి ఇంకోటుంది. ఆ 225 ఇమేజ్‌లు ఎందుకు దాస్తున్నారు? పొడవు ఎనర్జీని బట్టి మారదు కదా, మారేది మ్యూ (లోహం కిరణాన్ని ఎంతగా తగ్గిస్తుందో చెప్పే గుణకం) ఒక్కటే. పొడవుల ఇమేజ్ ఒకటి, అంటే 16 ఎంబీ, ఉంచుకుని ఒక్కో పిక్సెల్ దగ్గర అక్కడికక్కడే 225 ఎనర్జీలు కలిపేయండి. మూడున్నర జీబీ అలా మిగులుతుంది.

ఇక బ్లోహోల్. కాస్టింగ్ 300 సార్లూ అదే, మారుతున్నది బుడగ ఒక్కటే. కాబట్టి మంచి కాస్టింగ్ పొడవులు ఒకసారి లెక్కేసి పెట్టుకుని, బుడగ నీడ పడేచోట మాత్రం దాని పొడవు తీసేయండి. 1.3 మాగ్నిఫికేషన్‌లో (నీడ 1.3 రెట్లు పెద్దదిగా పడితే) 1 మిమీ బుడగ నీడ 7 × 7 పిక్సెళ్లు దాటదు. 42 లక్షల పిక్సెళ్లలో ఓ 50 కోసం మొత్తం మళ్లీ లెక్కేస్తున్నారు మీరు.

బైట్‌లెక్క:
పై సలహాకి ఒక హెచ్చరిక. మెమరీ ఇంకా తగ్గుతుంది కదా అని పొడవుల్ని 16 బిట్ ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యల ఫార్మాట్) పెట్టకండి, నేను అలా పెట్టి వారం పోగొట్టుకున్నాను. 32 మిమీ దాటితే దాంట్లో పక్కపక్క విలువల మధ్య తేడా 0.03 మిమీ, సన్నటి పగులు అందులోనే కొట్టుకుపోతుంది. తగ్గించాలంటే 16 బిట్ పూర్ణాంకం వాడి, ఒక యూనిట్ అంటే 2 మైక్రాన్లు అనుకోండి, 131 మిమీ దాకా సరిపోతుంది. ఇంకోటి, మోంటేకార్లోలో ఫోటాన్లు లెక్కపెట్టే కౌంటర్ 32 బిట్ ఫ్లోట్ అయితే 1,67,77,216 దగ్గర ఆగిపోతుంది, ఆపైన ఒకటి కలిపినా పెరగదు. ఎర్రర్ కూడా రాదు కాబట్టి పట్టుకోవడం కష్టం.

స్కాటర్‌మిత్ర:
మీ 40 నిమిషాల్లో ఎక్కువ భాగం మోంటేకార్లోకే పోతూ ఉంటుంది. ఫోటాన్లు నాలుగింతలు చేస్తే గానీ నాయిస్ (ఇమేజ్‌లో కనిపించే గరుకు) సగానికి తగ్గదు, అందుకే 2048 గ్రిడ్ మీద దాన్ని నడపడం దండగ. స్కాటర్ నెమ్మదిగా మారే పొగమంచు లాంటిది, 64 × 64 గ్రిడ్ మీద లెక్కేసి మధ్యవి ఇంటర్‌పొలేట్ చేయండి. ఒక్కో గడిలో 1024 పిక్సెళ్లు పడతాయి కాబట్టి అన్ని రెట్లు తక్కువ ఫోటాన్లు చాలు. ఒక్కసారి 128 గ్రిడ్‌తో పోల్చి చూసుకోండి, తేడా లేకపోతే ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. 1 మిమీ బుడగ వల్ల స్కాటర్ దాదాపు మారదు, కాబట్టి ఒకసారి లెక్కేసింది 300కీ వాడుకోండి. అలాగని స్కాటర్‌ని వదిలేయకండి, 40 మిమీ స్టీల్ వెనక ప్రైమరీ (చెదరకుండా నేరుగా వచ్చిన కిరణాలు) కంటే అదే ఎక్కువ ఉండొచ్చు, వదిలేస్తే బుడగ ఉన్నదానికంటే స్పష్టంగా కనిపిస్తుంది.

వెల్డ్‌చూపు:
చాలా థ్యాంక్స్ అండీ, మెష్‌కి మారాను, మంచి కాస్టింగ్ లెక్క ఒకసారి అయ్యాక ఒక్కో బుడగకి సెకను కూడా పట్టడం లేదు. మరి నాయిస్ కూడా ఒకసారి లెక్కేసి 300కీ వాడొచ్చా?

స్కాటర్‌మిత్ర:
అది మాత్రం వద్దు. ప్రతి ఇమేజ్‌కీ కొత్తగా వేయాలి, లేకపోతే ఒకే మచ్చ 300 సార్లూ ఒకేచోట ఉండి మీ "కనిపించింది, కనిపించలేదు" లెక్కంతా తప్పుతుంది. వేసేటప్పుడు ముందు ఫోటాన్ నాయిస్, ఆ తర్వాతే డిటెక్టర్ బ్లర్. తిరగేస్తే నిజమైన డిటెక్టర్ ప్యానెల్‌లో కంటే గరుకుగా వస్తుంది.