అత్తయ్యకి పీబీసీ (ప్రైమరీ బిలియరీ కోలాంజైటిస్ అనే లివర్ జబ్బు) అన్నారు, బయాప్సీ కూడా చేయించాలా?

వైట్‌ఫీల్డ్ కోడలు:
అత్తయ్యకి 54 ఏళ్లు. కర్నూలు నుంచి మా దగ్గరికి వచ్చారు. రాత్రయితే అరచేతులు, అరికాళ్లు ఒకటే దురద. స్కిన్ డాక్టర్ ఇచ్చిన క్రీములేవీ పనిచేయలేదు. బ్లడ్ టెస్టులో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఎక్కువగా 412, బిలిరుబిన్ నార్మల్. స్కాన్ బాగుంది, ఏఎంఏ (ఈ జబ్బుని పట్టించే యాంటీబాడీ టెస్టు) పాజిటివ్. ఉర్సో (ఉర్సోడీఆక్సీకోలిక్ యాసిడ్) మాత్రలు రాశారు. ఆవిడ మజ్జిగ తప్ప ఏదీ తాగి ఎరగరు, లివర్ జబ్బేమిటండీ? కామెర్లే అయ్యుంటాయి, ఊరెళ్లి పసరు తాగుతానంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.

మారతహళ్లి అక్క:
నాకూ ఇదే జబ్బమ్మా. తాగుడుకీ దీనికీ సంబంధం లేదు. మన ఇమ్యూనిటీయే లివర్ లోపలి సన్నటి పైత్యనాళాల మీద పడుతుంది. అవి స్కాన్‌కి అందనంత చిన్నవి, అందుకే స్కాన్ బాగుందన్నారు. ఎక్కువగా నడివయసు ఆడవాళ్లకే వస్తుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగి, ఏఎంఏ పాజిటివ్ వస్తే సాధారణంగా బయాప్సీ అక్కర్లేదు.

మీరు చూడాల్సింది డోసు. ఉర్సో బరువును బట్టి ఇవ్వాలి, కిలోకి రోజుకి 13 నుంచి 15 మిల్లీగ్రాములు. నాకు మొదట చూసినాయన బరువు అడక్కుండానే రోజుకి రెండు 300 మాత్రలు రాసేశారు. ఏడాదికి ఫాస్ఫటేజ్ ఎంత దిగిందో చూసి, చాలకపోతే ఇంకో మందు కలుపుతారు.

ఇంకోటి, ఉర్సోతో దురద తగ్గుతుందని ఆశ పెట్టుకోకండి. దానికి కొలెస్టిరమిన్ పొడి వేరే రాస్తారు. తాగుతుంటే ఇసుక నీళ్లలా ఉంటుంది, అయినా నాకు నిద్ర పట్టింది దాంతోనే. ఉర్సోకీ దీనికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే ఆ పొడి ఉర్సోని పేగుల్లోనే పట్టేసుకుంటుంది. ఈ సంగతి నాకు చెప్పింది మందుల షాపు కుర్రాడు! ఎముకల బలం చూసే స్కాన్ (డెక్సా), థైరాయిడ్ టెస్టు కూడా అడగండి. పసరు మాత్రం వద్దు, అందులో ఏం కలుపుతారో ఆ ఇచ్చేవాళ్లకే తెలియాలి.

హెబ్బాళ్ బాబాయ్:
ఇది చదివి అందరూ ఉర్సో మొదలుపెట్టకండి. మా తమ్ముడిది పీఎస్‌సీ (ప్రైమరీ స్క్లీరోజింగ్ కోలాంజైటిస్), పేరు దగ్గరగా ఉన్నా వేరే జబ్బు. అందులో పెద్ద నాళాలు కూడా అక్కడక్కడా ఇరుకవుతాయి. ఏఎంఏతో తేలదు, ఎంఆర్‌సీపీ (పైత్యనాళాల ఎంఆర్ఐ స్కాన్) తీయాలి. పెద్దపేగు పూత (అల్సరేటివ్ కొలైటిస్) తరచూ తోడుంటుందని కొలనోస్కోపీ కూడా చేశారు. ఉర్సో డోసు బాగా పెంచితే ఈ జబ్బులో మేలుకి బదులు కీడే.

వైట్‌ఫీల్డ్ కోడలు:
అక్కా, అత్తయ్య 68 కిలోలు. రాసింది రోజుకి 600. సోమవారం డాక్టర్‌ని ఇదే అడుగుతాను. దురద పొడి సంగతి చెప్పగానే ఆవిడే "అది ఇప్పుడే తెప్పించు" అన్నారు, డాక్టర్ రాయాలి ఆగమన్నాను. పసరు విషయం మా ఆడపడుచుకి అప్పజెప్పాను, ఆవిడ మాటైతే వింటారు.