వియన్నా బిజినెస్ యూనివర్సిటీలో దాతల డబ్బుతో నడిచే లా ప్రొఫెసర్ కింద పీహెచ్‌డీ చేయొచ్చా?

గచ్చిబౌలి_అక్క:
మా తమ్ముడు హైదరాబాద్‌లో ఎల్‌ఎల్‌బీ అయ్యాక వియన్నా డబ్ల్యూయూలో (బిజినెస్ యూనివర్సిటీని అలా అంటారు) ఇంటర్నేషనల్ టాక్స్ లా ఎల్‌ఎల్‌ఎం చేస్తున్నాడు, ఇంగ్లిష్ మీడియమే. ఇప్పుడు పీహెచ్‌డీ అంటున్నాడు. అక్కడివైపు యూనివర్సిటీల్లో కొన్ని ప్రొఫెసర్ పోస్టులకి జీతం బయటి కంపెనీలు లేదా ఫౌండేషన్లు ఇస్తాయట, అదీ ఐదేళ్లకే. అలాంటి ప్రొఫెసర్ దగ్గర చేరితే మధ్యలో పోస్టు పోతే వీడి గతేంటి? పైగా పన్నుల చట్టం, డబ్బు ఇచ్చేవాళ్లకి నచ్చనిది రాస్తే ఊరుకుంటారా? ఇంట్లో నాన్నగారికి ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

డాన్యూబ్_ఒడ్డున:
అక్కా, ముందు బిజినెస్ యూనివర్సిటీలో లా ఏంటన్న సందేహం నాన్నగారికి ఉంటే తీసేయండి. 1898లో ఎగుమతి వ్యాపారం నేర్పడానికి పెట్టిన అకాడమీ అది, ఇప్పటి పేరు 1975లో వచ్చింది. చాలాకాలం లా అక్కడ కామర్స్ వాళ్లు చదివే పక్క సబ్జెక్టే, కానీ 2006 నుంచి బిజినెస్ లా డిగ్రీ పూర్తిగా అక్కడే ఇస్తున్నారు, బ్యాచిలర్స్, మాస్టర్స్ రెండూ చేసినవాళ్లు లాయర్లుగా, జడ్జిలుగా వెళ్లే దారిలోకీ రావచ్చు. ప్రాటర్ అనే పెద్ద పార్కు పక్కన 2013లో తెరిచిన క్యాంపస్‌లో ఆ నారింజ రంగు భవనం లా వాళ్లదే.

అసలు విషయానికొస్తే, డబ్బు ఎవరిదన్నదాని కన్నా ఆ ప్రొఫెసర్‌ని ఏ సెక్షన్ కింద తీసుకున్నారో చూడమనండి. ఆస్ట్రియాలో 2002 నాటి యూనివర్సిటీ చట్టం ఉంది. సెక్షన్ 98 అయితే పోస్టు బహిరంగంగా ప్రకటించి, కమిటీ వేసి, బయటి నిపుణుల అభిప్రాయాలు తీసుకుని, ముగ్గురి పేర్లతో జాబితా పంపుతారు, అందులోంచి రెక్టర్ (యూనివర్సిటీ అధిపతి) ఒకరిని ఎంచుకుంటారు. సెక్షన్ 99లో దగ్గరి దారి ఉంది, ఐదేళ్ల వరకు తీసుకోవచ్చు, ఇంత తతంగం ఉండదు. దాతల డబ్బు కూడా మామూలుగా ఐదేళ్లకే వస్తుంది కాబట్టి రెండోదానికి సరిగ్గా అతుకుతుంది. ఐదేళ్ల తర్వాత జీతం యూనివర్సిటీ తన బడ్జెట్‌లోంచి ఇస్తానని ముందే ఒప్పుకుందా లేదా, అదొక్కటి తేలితే సగం భయం పోతుంది.

లెక్కల_మాస్టారు:
పై ఆయన చెప్పింది బాగుంది కానీ డబ్బు ఎవరిదన్నది పక్కన పెట్టేయడం నేను ఒప్పుకోను. అమెరికాలో ఎండోడ్ చైర్ (దాత ఇచ్చిన నిధితో నడిచే ప్రొఫెసర్ పదవి) అంటే మన తిరుమల అన్నప్రసాదం ట్రస్టు లాంటిది, అసలు సొమ్ము కదలదు, దాని మీద వచ్చేదాంతోనే ఖర్చు, దాత ఒకసారి ఇచ్చేశాక మళ్లీ అతని ముందు చేయి చాచే పని లేదు. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఎక్కువగా జరిగేది అది కాదు, ఇన్నేళ్లకి జీతం ఇస్తామని ఒప్పందం. గడువు దగ్గర పడేకొద్దీ పొడిగించమని అడగాలి, అడిగేవాడి నోరు ఎలా ఉంటుందో మీకే తెలుసు.

బెర్లిన్‌లో హుంబోల్ట్, టెక్నికల్ యూనివర్సిటీ రెండూ డాయిష్ బ్యాంక్‌తో కలిసి ఒక పరిశోధన కేంద్రం పెట్టాయి, ప్రొఫెసర్ పోస్టులతో సహా. ఏం ప్రచురించాలన్న దాంట్లో బ్యాంకుకీ మాట ఉందని 2011లో ఒప్పందం బయటపడి పెద్ద గొడవైంది. ఆ మరుసటి ఏడాదే జ్యూరిక్ యూనివర్సిటీకి యూబీఎస్ బ్యాంకు 10 కోట్ల స్విస్ ఫ్రాంకులు ఇస్తానంది, ఒప్పందం మాత్రం మొదట చూపించలేదు, ఒత్తిడి పెరిగాకే బయటపెట్టారు. కాబట్టి కాగితం చూపించమనండి. చూపించకపోతే అదే జవాబు.

పాత_వకీలు:
మాస్టారూ, దాత ప్రతిసారీ దొంగేం కాదు. మన దేశంలోనే చూడండి, ప్రసన్న కుమార్ ఠాగూర్ అని కలకత్తాలో పెద్ద వకీలు, 1868లో పోయాడు, వీలునామాలో లా ప్రొఫెసర్ పదవి కోసం కలకత్తా యూనివర్సిటీకి 3 లక్షలు రాశాడు. 1870లో మొదలైన ఠాగూర్ లా లెక్చర్స్ అలా వచ్చినవే, తర్వాత పుస్తకాలుగా అచ్చయి కోర్టుల్లో కూడా ఉదహరించేంత పేరు తెచ్చుకున్నాయి. తమాషా ఏంటంటే అదే వీలునామాలో క్రైస్తవంలోకి మారిన కొడుకుకి ఆస్తి లేకుండా చేశాడు, ఆ తగాదా లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో మనకి ఆఖరి అప్పీలు కోర్టు) దాకా వెళ్లి 1872లో తేలింది, హిందూ లా చదివినవాళ్లెవరూ ఠాగూర్ వర్సెస్ ఠాగూర్ తప్పించుకోలేరు!

లెక్కల_మాస్టారు:
వకీలుగారూ, నేను చెప్పేదీ అదే కదా. చనిపోయిన దాత ఫోన్ చేయడు. బతికున్న కంపెనీ చేస్తుంది, అందులోనూ రేపు దాని పన్ను కేసు ఆ ప్రొఫెసర్ రాసే విషయం మీదే ఉంటే మరీ.

గచ్చిబౌలి_అక్క:
అందరికీ థాంక్స్. అయితే వాడు ప్రొఫెసర్‌నే సూటిగా అడగొచ్చా, తప్పుగా అనుకోరు కదా? మన దగ్గర గైడ్‌ని ఇలా అడిగితే అయిపోయినట్టే.

డాన్యూబ్_ఒడ్డున:
అడగొచ్చు, ఇక్కడ అది మామూలే. "మీ కాంట్రాక్టు ఎప్పటిదాకా, ఆ తర్వాత నన్ను ఎవరు చూసుకుంటారు" అని మర్యాదగా మెయిల్ పెడితే చాలు. చట్టప్రకారం డాక్టరేట్ కనీసం మూడేళ్లు, నిజంలో ఇంకా సాగుతుంది, కాబట్టి ప్రొఫెసర్ ఐదేళ్లలో మూడో ఏడాది నడుస్తుంటే నేనైతే చేరను, మొదటి ఏడాదైతే ఆలోచిస్తాను. పర్మనెంట్ ప్రొఫెసర్ ఒకరిని రెండో గైడ్‌గా పెట్టుకునే వీలుందేమో కూడా కనుక్కోమనండి. మాస్టారు అన్న భయానికి ఒక మాట, శాస్త్రం, దాని బోధన స్వేచ్ఛగా ఉండాలని ఆస్ట్రియాలో 1867 నాటి ప్రాథమిక చట్టం 17వ అధికరణంలోనే ఉంది, ఇప్పటికీ అమల్లో ఉంది, కానీ కాంట్రాక్టు పొడిగించకపోతే దాన్ని పట్టుకుని కోర్టుకెళ్లేవాళ్లు ఎంతమంది లెండి.

ఇంకోటి, అడ్మిషన్ ఆఫీసుని ముందే అడగమనండి, డాక్టరేట్‌లో చేరడానికి ఆ ఎల్‌ఎల్‌ఎం సరిపోతుందా, మన ఎల్‌ఎల్‌బీని ఎలా లెక్కేస్తారు అని. జర్మన్ మొదలుపెట్టాడా? టాక్స్ వాళ్ల దగ్గర ఇంగ్లిష్‌తో నెట్టుకురావచ్చు కానీ మిగతా లా విభాగంలో తీర్పులన్నీ జర్మన్‌లోనే.