ఈ వారం సమస్య: పిల్లి పాలు పెంచె బిడ్డ కొఱకు

నిర్వాహకుడు: దొరికితే పాలు తాగిపోయే పిల్లి, పాలు పెంచడమేమిటి? పూరించి చెప్పండి. బాలింత ఉన్న ఇంట్లో కూర్చుని ఉండగా తట్టిన పాదమిది. ఇంతకు మించి చెప్పను.

గోదారిగట్టు:
పాలు చాల కమ్మ బాధ నొందుచు నుండ
వైద్య మవ్వ చేసె వంటయింట
వేరు దంచి పాల వేసి కాచగ, పేరి
పిల్లి పాలు పెంచె బిడ్డ కొఱకు

పిల్లిపీచరే కదండీ! చరకుడు స్తన్యజనన గణంలో (పాలు పుట్టించే మూలికల జట్టులో) చెప్పిన శతావరి.

పాలమూరు అక్క: "పేరి పిల్లి" విరుపు భలే కుదిరింది గట్టుగారూ. "చాల కమ్మ" దగ్గర మాత్రం పాలు చాలా కమ్మగా ఉన్నాయేమోనని ఆగాను. చరకుడి మాట సరికాదు. ఆ గణంలోని పదీ వట్టివేరు, వరి, దర్భ, రెల్లు తరహా వేళ్లే. శతావరిని "స్తన్యకరీ" (పాలు పుట్టించేది) అన్నది భావప్రకాశమనే వైద్యగ్రంథం. పోయిన నెల శతపుష్పను (సోయికూరను) శతావరి చేసిన మీ పూరణ గుర్తొచ్చింది! నాది క్రమాలంకారం, మూడు ప్రశ్నలకూ చివరి పాదంలో వరుసగా జవాబులు:

తీగ పేరిలోన దిరుగు జంతువదేది?
వేరు తల్లి కేమి వెలయ జేసె?
ఎవరి కొఱకు గాచు నీ కషాయము నమ్మ?
పిల్లి, పాలు పెంచె, బిడ్డ కొఱకు

గోదారిగట్టు: గణం విషయం ఒప్పుకుంటున్నాను. కాశ్యపసంహిత అనే వైద్యగ్రంథంలో శతపుష్పకూ శతావరికీ కలిపి ఒకే కల్పం (అధ్యాయం) ఉంది, అప్పుడు పొరబడ్డది అక్కడే. కానీ "ఎవరి"కి "నీ"తో యతి (పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన మైత్రి) ఎక్కడిదండీ? "వెలయ" కూడా యతి కోసం దూర్చిందే.

పాలమూరు అక్క: గాచున్ + ఈ. ఎ, ఈ అచ్చులకు స్వరయతి. "వెలయ" మాట నిజమే, మారుస్తాను.

వైద్యవిద్యార్థిని: గట్టుగారూ, చరకుడు శతావరిని వదల్లేదండీ. స్త్రీల వ్యాధులు చెప్పే యోనివ్యాపత్ చికిత్సలో బృహచ్ఛతావరీ ఘృతం (శతావరితో కాచిన మందునెయ్యి) ఉంది. పాలు పడటానికే కాదు, ఎర్రబట్టకూ వైద్యులు శతావరి ఇస్తారు. అయితే "వేరు దంచి" దగ్గర నాకు అభ్యంతరం. దుంపను ఉన్నపళంగా దంచరు. పైపొట్టు ఒలిచి, నడుమనున్న గట్టి ఈనె లాగేసి, ఎండబెట్టి పొడి కొడతారు. రోజుకు 3 నుంచి 6 గ్రాములు, పాలతో. అదీ వైద్యుణ్ణి అడిగాకే.

గోదారిగట్టు: మంచి మాట చెప్పావమ్మా. మూడో పాదం మార్చాను:

ఈనె దీసి పాల నిడి కాచగా, పేరి

పాలమూరు అక్క: పాలన్ + ఇడి. స్వరయతే! ఇప్పుడు మీ పద్యం నాదానికన్నా బాగుంది గట్టుగారూ.